802 నెలల గాలి, రెండు నిమిషాల ధ్వని: సోనిఫికేషన్‌లో అందం చేసే పని

హవాయిలోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద, సముద్ర మట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున, 1958 మార్చి నుంచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తున్నారు. చార్ల్స్ డేవిడ్ కీలింగ్ మొదలుపెట్టిన కొలత ఇది. దాన్ని గీసి చూపించే గీతకు కీలింగ్ కర్వ్ అని పేరు. నెలకొక సగటు చొప్పున 2024 డిసెంబరు దాకా లెక్కేస్తే 802 నెలలు. ఆ 802 అంకెలను నెలకు 0.15 సెకను చొప్పున రెండు నిమిషాల పైచిలుకు ధ్వనిగా మార్చిన పని ఇక్కడ వివరిస్తున్నాం. ఇలా డేటాను ధ్వనిగా మార్చడాన్నే సోనిఫికేషన్ అంటారు.

సాంకేతికంగా ఇందులో కొరుకుడుపడనిది ఏమీ లేదు. ఒక వరస అంకెలు, ఒక సూత్రం, ధ్వని తరంగాన్ని పుట్టించే ఒక ఆసిలేటర్, అంతే. చిక్కంతా ఏ ధ్వని, ఎంత పొడవు, ఏ స్థాయి అన్న చోట వచ్చింది. వీటిని "అందం కోసం" అని ఒక మూలన పెట్టి, ముందు లెక్క తేల్చి ఆఖరున పైపూత పూసినట్టు చేర్చే అలవాటు ఈ రంగంలో బలంగా ఉంది. ఆ అలవాటు ఎందుకు తప్పో ఈ డేటా మీద అంకెలతో చూపించవచ్చు. అందం పేరుతో తీసుకున్న ప్రతి నిర్ణయమూ వినేవాళ్ళకు గాలి గురించి ఏదో ఒకటి చెప్పేస్తుంది, మనం చెప్పాలనుకున్నా అనుకోకపోయినా.

వినిపించాల్సినవి మూడు

మొదటిది పొడవాటి ఎక్కుడు. 1959 వార్షిక సగటు 316 పీపీఎం, అంటే పొడి గాలిలోని ప్రతి పది లక్షల అణువుల్లో 316 కార్బన్ డయాక్సైడ్‌వి. 2024 సగటు 424.6. రెండోది ఏటేటా వచ్చే ఊగు. ఉత్తరార్ధగోళంలో చెట్టూచేమా చిగురించి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోవడం వల్ల మే నెలలో శిఖరానికి చేరిన విలువ సెప్టెంబరు, అక్టోబరుల్లో అడుగుకు దిగుతుంది. ఈ ఊగు సుమారు 6 పీపీఎం. మూడోది వేగం పెరగడం. 1959 నుంచి 1987 దాకా 28 ఏళ్ళలో విలువ దాదాపు 33 పీపీఎం పెరిగింది. 2010 నుంచి 2024 దాకా 14 ఏళ్ళలోనే 34.5 పెరిగింది.

ఈ మూడింటిలో మూడోదే ముఖ్యం, వినిపించడానికి అదే కష్టం కూడా. ఎక్కుడు ఎవరికైనా వినిపిస్తుంది. ఊగు కాస్త జాగ్రత్తతో వినిపిస్తుంది. వేగంలో మార్పు మాత్రం చెవి ఇప్పటి ధ్వనిని అర నిమిషం కిందటి ధ్వనితో పోల్చుకుంటేనే తెలుస్తుంది. కింద చెప్పే ప్రతి ఎంపికనూ ఈ మూడింటి తూకంలోనే వేశాం.

సరళరేఖ మ్యాపింగ్‌తో మొదటి తప్పు

అందరూ ముందుగా రాసే సూత్రం ఇది: 310 పీపీఎంకు 220 హెర్ట్జ్ (సెకనుకు 220 కంపనాలు), 430కి 1,760 హెర్ట్జ్, మధ్యలో సరళరేఖ. పీపీఎంకు 12.83 హెర్ట్జ్ చొప్పున వస్తుంది. కాగితం మీద తప్పేమీ కనిపించదు. కానీ చెవి హెర్ట్జుల తేడాను వినదు, నిష్పత్తిని వింటుంది. ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే ఒక స్థాయి పైకి వెళ్ళినట్టు; ఆ స్థాయిలో 12 స్వరస్థానాలు, ఒక్కో స్వరస్థానానికి 100 సెంట్లు.

సెంట్లలోకి మార్చి చూస్తే సంగతి బయటపడుతుంది. 1960 ప్రాంతంలో 6 పీపీఎం ఊగు ఈ సూత్రంలో సుమారు 430 సెంట్లు, అంటే నాలుగు స్వరస్థానాలు దాటిన ఊగు. 2023లో అదే 6 పీపీఎం 80 సెంట్లు మాత్రమే, ఒక్క స్వరస్థానం కూడా లేదు. వినేవాళ్ళకు రుతువులు క్రమంగా చచ్చుబడిపోతున్నట్టు అనిపిస్తుంది. నిజానికి మౌనా లోవాలో ఆ ఊగు తగ్గలేదు సరికదా, దశాబ్దాల మీద కాస్త పెరిగింది. అంతకన్నా ఘోరం వేగం సంగతి. 1960లలో ఏడాదికి 0.8 పీపీఎం పెరుగుదల 57 సెంట్లుగా వినిపిస్తే, ఇటీవలి ఏడాదికి 2.4 పీపీఎం పెరుగుదల 32 సెంట్లుగా వినిపిస్తుంది. మూడు రెట్లయిన వేగం సగానికి పడిపోయినట్టు చెవికి చేరుతోంది.

అందుకే ఖాయం చేసిన సూత్రం ఇది:

ఫ్రీక్వెన్సీ = 220 × 2^((విలువ − 310) ÷ 40)

ప్రతి 40 పీపీఎంకు ఒక స్థాయి. 310కి 220, 350కి 440, 390కి 880, 430కి 1,760 హెర్ట్జ్. ఎక్కడున్నా ఒక పీపీఎం అంటే 30 సెంట్లే. 6 పీపీఎం ఊగు ఎప్పుడైనా 180 సెంట్లే, రెండు స్వరస్థానాలకు కొంచెం తక్కువ. ఎవరైనా పియానో ముందు కూర్చుని చూసుకోగలిగే లంగర్లు ఇవి. 40 అన్న అంకెను ఎంచుకోవడంలో ఆ సౌకర్యం కూడా ఉంది.

మైనస్ 99.99

కీలింగ్ పనిచేసిన స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ ఇచ్చే నెలసరి ఫైలులో కొలత లేని నెలకు −99.99 అని ఉంటుంది. 1958 మార్చి తర్వాత ఐదు నెలలు అలాంటివి: 1958 జూన్, అక్టోబరు, 1964 ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్. ఫైలు మొదట్లో 1958 జనవరి, ఫిబ్రవరి వరసలు కూడా ఖాళీవే, వాటిని వదిలేయాలి. ఆ గుర్తును తీసేయకుండా సరళరేఖ సూత్రంలో వేస్తే −5,041 హెర్ట్జ్ వస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న శుద్ధమైన తరంగాన్ని ఇచ్చే సైన్ ఆసిలేటర్‌కు మైనస్ గుర్తు అంటే తరంగం తలకిందులవడమే. చెవికి మాత్రం 5,041 హెర్ట్జుల ఈల గుచ్చుకుంటుంది. పై ఘాత సూత్రంలో వేస్తే 0.18 హెర్ట్జ్ వస్తుంది, ఏమీ వినిపించదు, అంచుల్లో ఒక టక్కు తప్ప. ఈల వచ్చినప్పుడు తప్పు వెంటనే దొరుకుతుంది. నిశ్శబ్దం వచ్చినప్పుడే ప్రమాదం, ఎవరూ గమనించరు.

గుర్తు తీసేశాక ఆ ఐదు నెలల్లో ఏం వినిపించాలి? నిశ్శబ్దం పెడితే 1964లో 0.45 సెకన్ల ఖాళీ స్పష్టంగా తెలుస్తుంది గానీ 1958లోని ఒంటి నెలలు తాళం తప్పినట్టు వినిపిస్తాయి. ఫైలులోనే ఇచ్చిన అంచనా విలువలను మామూలు స్వరాల్లాగే మోగిస్తే కొలవనిదాన్ని కొలిచినట్టు చెప్పడమవుతుంది. మధ్యేమార్గంగా అంచనా విలువ పిచ్ (స్వరం ఎత్తు) దగ్గర ఇరుకుగా వడగట్టిన నాయిస్‌ను (స్వరం లేని హోరును), పక్క స్వరాలకన్నా 12 డెసిబెల్ తక్కువగా పెట్టాం. శ్వాసలాంటి ఆ ధ్వనికి పిచ్ లీలగా ఉంటుంది, తాళం తెగదు, కానీ అది స్వరం కాదని చెవికి తెలిసిపోతుంది.

2022 నవంబరు చివర మౌనా లోవా విస్ఫోటం చెంది, పరిశీలన కేంద్రానికి కరెంటూ దారీ తెగిపోయాయి. ఆ డిసెంబరు నుంచి 2023 జూలై మొదటి వరకు కొలతలు పక్కనున్న మౌనా కియా మీద తీశారు. అక్కడ కూడా ధ్వని రంగు మార్చాలా అన్న ప్రశ్న వచ్చింది. మార్చలేదు. అవి నిజమైన కొలతలే. రంగు మారిస్తే గాలిలోనే ఏదో జరిగిందని వినేవాళ్ళు అనుకుంటారు. ఆ సంగతి ధ్వనితో పాటు ఇచ్చే వివరణలో రాశాం, అంతే.

మోహనలోకి సర్దితే

వినసొంపు కోసం సోనిఫికేషన్లలో ఎక్కువగా చేసే పని, పిచ్‌లను ఏదో ఒక ఐదు స్వరాల వరుసకు దగ్గరలోకి నెట్టడం. మోహన స్వరాలు (స, చతుశ్రుతి రి, అంతర గ, ప, చతుశ్రుతి ద) తీసుకుంటే ఏ రెండు స్వరాలు పక్కపక్కన పడినా చెవికి ఇంపుగానే ఉంటుంది. అందుకే ఇది ఇంత జనాదరణ పొందింది. మరి డేటాకు ఏమవుతుంది?

310 పీపీఎం దగ్గర షడ్జం పెడితే, ఒక్కో స్వరం కిందికి 6.7 నుంచి 8.3 పీపీఎం వెడల్పు గల విలువలన్నీ చేరిపోతాయి. ఏడాది ఊగు 6 పీపీఎమే కాబట్టి అది మొత్తం ఒకే స్వరంలో మునిగిపోయే అవకాశం ఉంది. 'గ' కిందికి వచ్చే విలువలు 320 నుంచి 328.3 దాకా. 1969, 1970 సంవత్సరాలు దాదాపు పూర్తిగా ఈ గదిలోనే ఉన్నాయి. అంటే 24 నెలలపాటు ఒకటే 'గ', 'గ', 'గ'. తర్వాత 1971 మే ప్రాంతంలో విలువ గీత దాటగానే స్వరం ఒక్కసారిగా 'ప' మీదికి దూకుతుంది, శరదృతువుకు మళ్ళీ 'గ'కు దిగుతుంది. వినేవాళ్ళు 1971లో ఏదో పెద్ద మార్పు వచ్చిందనుకుంటారు. డేటాలో అలాంటిదేమీ లేదు. ఆ దూకుడు రాగం చేసింది, గాలి కాదు.

దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. మోహనలో చేసిన ఆ రూపం చాలా బాగుంటుంది. మళ్ళీ మళ్ళీ వినబుద్ధేస్తుంది. అందుకే దాన్ని వదులుకోవడం కష్టం. డేటా మోటుగా ఉండి, ఊగు మూడు నాలుగు స్వరాల వెడల్పు దాటే చోట రాగంలోకి సర్దడం తప్పు కాదు. ఈ డేటాలో చెప్పాల్సిన సంగతులు స్వరాల మధ్య ఖాళీలకన్నా చిన్నవి. 12 స్వరస్థానాలకు సర్దినా ఒక్కో మెట్టు 3.33 పీపీఎం, 1960లలో విలువ ఆ ఒక్క మెట్టు ఎక్కడానికి నాలుగేళ్ళు పడుతుంది.

రాగం ఎంచుకోవడంలో ఇంకో చిక్కు రసం. ఏ రాగాన్ని తెచ్చినా దాని భావం కూడా వెంట వస్తుంది. శోకం ధ్వనించే స్వరాలతో ఈ అంకెలను వినిపిస్తే శోకం మనం పెట్టింది, అంకెల్లోంచి వచ్చింది కాదు. సంగీత రచనగా అయితే అది న్యాయమే. డేటా వినిపిస్తున్నామని చెప్పుకునే చోట మాత్రం న్యాయం కాదు.

శుద్ధమైన సైన్ కూడా తటస్థం కాదు

సర్దుబాట్లన్నీ తీసేసి, ఘాత సూత్రంతో ఒకే సైన్ తరంగాన్ని తెగకుండా జారుస్తూ వినిపిస్తే లెక్క పరంగా దోషం లేదు. కార్బన్ డయాక్సైడ్ నెలల మధ్య కూడా అఖండంగా మారేదే కాబట్టి జారుడు ధ్వనికి న్యాయం ఉంది. రేడియోధార్మికతను కొలిచే గీగర్ కౌంటర్ టిక్కుటిక్కుమనడం అక్కడ సరిపోయింది, ఎందుకంటే ఆ విఘటనలు విడివిడిగానే జరుగుతాయి. ఇక్కడ జారుడు సరిపోవాలి మరి.

సరిపోలేదు. 1.8 సెకన్లకోసారి పైకి లేచి కిందికి దిగుతూ మొత్తంగా పైకి పోయే సైన్ తరంగం అచ్చం సైరన్‌లా వినిపిస్తుంది. మొదటి ఐదు సెకన్లలోనే "ప్రమాదం" అన్న అర్థం స్థిరపడిపోతుంది, 1958 నాటి గాలికే. ఇక 2024 వచ్చేసరికి చెప్పడానికి ఏమీ మిగలదు. విడివిడి సైన్ బీప్‌లు చేస్తే ఆసుపత్రి మానిటర్ గుర్తొస్తుంది. పల్స్ ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ పడిపోతే బీప్ పిచ్ కూడా పడిపోతుంది. చూపు రోగి మీదే ఉంచి పనిచేసేవాళ్ళకు అది గొప్ప ఏర్పాటు. ఆ ధ్వని అలవాటైన చెవికి పిచ్ పైకి పోవడం అంటే మేలు! ధ్వనులన్నిటికీ బతుకులో ముందే అర్థాలున్నాయి. అర్థం లేని ధ్వని కోసం వెతకడం మానేసి, తప్పు అర్థం తేని ధ్వనిని వెతకాలి.

నెలసరి విలువలకు మీటిన తీగలాంటి స్వరం ఎంచుకున్నాం. మూడు హార్మోనిక్‌లు (మూల ఫ్రీక్వెన్సీకి 1, 2, 3 రెట్ల తరంగాలు), బలాలు 1, 0.4, 0.15. పూర్తి బలానికి ఎక్కడానికి 8 మిల్లీసెకన్లు. అంతకన్నా వేగంగా మొదలైతే టక్కుమంటుంది. 40 మిల్లీసెకన్లు తీసుకుంటే 150 మిల్లీసెకన్ల స్వరంలో నాలుగో వంతు పోతుంది.

తోక పొడవు దగ్గర ఒక తప్పు జరిగే వీలుంది. మీటిన తీగ సహజంగా వినిపించాలని తోకను 250 మిల్లీసెకన్లు పెడితే ఒక నెల స్వరం తర్వాతి నెల మీదికి వస్తుంది. జూలై, ఆగస్టుల మధ్య విలువ 2 పీపీఎం దాకా పడుతుంది, అంటే 60 సెంట్లు. 1960లో 244 హెర్ట్జ్ దగ్గర ఆ రెండు స్వరాలూ కలిస్తే సెకనుకు 8 లేదా 9 బీట్లు (బలం పెరిగి తగ్గే అలలు) వస్తాయి, మృదువుగా వణికినట్టు ఉంటుంది. 2023లో 1,506 హెర్ట్జ్ దగ్గర అవే 60 సెంట్లు 53 హెర్ట్జ్ తేడా, గరగరమంటుంది. ఇటీవలి ఏళ్ళు గరుకుగా, పాత ఏళ్ళు మెత్తగా వినిపిస్తాయి. కథకు బాగా సరిపోతుంది కూడా! కానీ అది పూర్తిగా తోకల కలయిక వల్ల పుట్టిన గరుకుదనం. అందుకని 140 మిల్లీసెకన్లకు స్వరం 40 డెసిబెల్ పడిపోయేలా ఎన్వలప్‌ను (స్వరం బలం ఎక్కి దిగే తీరును) కుదించాం.

రివర్బ్ (గదిలో ప్రతిధ్వనించినట్టు చేర్చే మోత) కూడా ఇదే పని చేస్తుంది. రెండు సెకన్ల రివర్బ్‌లో మే శిఖరం సెప్టెంబరు అడుగు మీద ఇంకా మోగుతూ ఉంటుంది, ఏడాది పొడవు 1.8 సెకన్లే కాబట్టి. ఊగు పూడిపోతుంది. 0.4 సెకన్లకు మించకుండా, అసలు ధ్వనికన్నా 18 డెసిబెల్ తక్కువగా మాత్రమే ఉంచాం.

శ్రుతి

ఏటేటా పెరుగుదల 1960లలో 24 సెంట్లు, ఇప్పుడు 72. శ్రద్ధగా వినే చెవి పక్కపక్కనే మోగిన రెండు స్వరాల మధ్య 24 సెంట్ల తేడా పట్టేస్తుంది. కానీ ఇక్కడ ఒక మే నెలకూ మరో మే నెలకూ మధ్య 11 స్వరాలు వచ్చి పోతాయి. అవి జ్ఞాపకాన్ని చెరిపేస్తాయి. స్వరాలు మాత్రమే ఉంటే ఊగు వినిపిస్తుంది, ఎక్కుడు లీలగా తెలుస్తుంది, వేగం అసలు తెలియదు.

రుతువుల ఊగు తీసేసిన విలువలు అదే ఫైలులో వేరే వరసగా ఉంటాయి. వాటిని తెగకుండా జారే శ్రుతిగా కింద పెట్టి, నెలసరి స్వరాలను దాని మీద మీటడం సరైన దారి. తంబురా మీద పాట నిలబడ్డట్టు, స్వరం శ్రుతికి పైన ఉందా కింద ఉందా అన్నది చెవికి వెంటనే తెలుస్తుంది. కానీ అదే ఎత్తులో శ్రుతి పెడితే స్వరం దానికి అటూ ఇటూ 90 సెంట్ల లోపే తిరుగుతుంది, మళ్ళీ బీట్ల గొడవ. ఒక స్థాయి కిందికి దింపాం. అప్పుడు కూడా శ్రుతి రెండో హార్మోనిక్ సరిగ్గా స్వరం ఎత్తులోనే పడుతుంది: ఒక పీపీఎం తేడాకు 1960లో సెకనుకు 4 బీట్లు, 2023లో 26. తోకల దగ్గర వదిలించుకున్న తప్పే ఇంకో దారిలో తిరిగి వచ్చింది.

హార్మోనిక్‌లన్నీ తీసేసి ఉత్త సైన్ పెడితే బీట్లు పోతాయి. కానీ 1959లో శ్రుతి 122 హెర్ట్జ్; ఫోను స్పీకర్‌లో ఆ సైన్ దాదాపు మాయమవుతుంది. పరిష్కారం బేసి హార్మోనిక్‌లలో దొరికింది. శ్రుతికి 1, 3, 5 హార్మోనిక్‌లు మాత్రమే ఇచ్చాం, మూడోది 8 డెసిబెల్, ఐదోది 14 డెసిబెల్ తక్కువగా. స్వరం హార్మోనిక్‌లు శ్రుతికి 2, 4, 6 రెట్ల దగ్గర పడతాయి కాబట్టి ఒకదానితో ఒకటి తగలవు. ఫోనులో 366, 610 హెర్ట్జ్ వినిపించి శ్రుతి ఉందని తెలుస్తుంది. మొత్తం మీద శ్రుతి స్వరాలకన్నా 14 డెసిబెల్ కింద ఉంటుంది.

దశాబ్దపు మైలురాళ్ళు

వేగం పెరగడాన్ని వినిపించడానికి శ్రుతి ఒక్కటే చాలలేదు. నెమ్మదిగా జారే శ్రుతితో చెవి కూడా జారిపోతుంది. ఎక్కడి నుంచి బయలుదేరామో గుర్తుండదు. అందుకే ప్రతి దశాబ్దం మొదట్లో స్వరాలను 1.2 సెకన్లు ఆపి, ఒక మెత్తని చెక్క టిక్కు వేసి, పదేళ్ళ కిందటి వార్షిక సగటు పిచ్‌ను 0.4 సెకను, ఆ వెంటనే ఇప్పటి సగటు పిచ్‌ను 0.6 సెకను మోగించాం. రెండూ కలిపి మోగిస్తే కింది స్థాయిలో దగ్గరి పిచ్‌లు గరగరలాడతాయి, అందుకే ఒకదాని తర్వాత ఒకటి. 1970 నుంచి 2020 దాకా ఆరు విరామాలు. మొత్తం నిడివి 120.3 నుంచి 127.5 సెకన్లకు పెరిగింది.

ఈ పని పూర్తయ్యాక డేటా స్వరాల భాషలో మాట్లాడింది. 1960 నుంచి 1970కి పెరుగుదల 8.8 పీపీఎం, 264 సెంట్లు: షడ్జం నుంచి సాధారణ గాంధారం కూడా పూర్తిగా అందలేదు. 1970లలో 393 సెంట్లు, అంతర గాంధారం. 1980లలో 471, శుద్ధ మధ్యమానికి కొంచెం లోపు. 1990లలో 456, మళ్ళీ అక్కడే, కాస్త తక్కువే. 2000లలో 612, ప్రతి మధ్యమం. 2010 నుంచి 2020కి 24.1 పీపీఎం, 723 సెంట్లు: పంచమం దాటింది. సంగీతం ఏమాత్రం తెలిసినవాళ్ళకైనా స-గ నుంచి స-ప దాకా విస్తరించిన ఆ అంతరాలు చెవిలో నిలిచిపోతాయి. ఏ గ్రాఫూ ఇంత సూటిగా చెప్పదు.

ఇక్కడే అసలు పరీక్ష ఎదురైంది. శుద్ధ పంచమం 702 సెంట్లు. 723 అంటే పంచమం శ్రుతి తప్పి పైకి పోయినట్టు వినిపిస్తుంది. 456 సెంట్ల మధ్యమం అపస్వరంలాగే ఉంటుంది. ఒక్క 21 సెంట్లు దించితే ఆ ఆఖరి అంతరం చక్కగా కుదిరిపోతుంది, పోయేది 0.7 పీపీఎం. దించలేదు. ఆ దశాబ్దం పెరుగుదల పంచమం కాదు, పంచమాన్ని దాటిపోయిన పెరుగుదల. శ్రుతి తప్పిన ఆ 21 సెంట్లూ కొలిచిన గాలే.

బిగ్గరతనం, వేగం, ఎగుమతి

పిచ్ 244 నుంచి 1,600 హెర్ట్జ్ దాకా ఎక్కుతుంటే, అదే బలంతో మోగించినా చెవికి క్రమంగా బిగ్గరగా వినిపిస్తుంది. చెవి ఏ ఫ్రీక్వెన్సీని ఎంత బిగ్గరగా వింటుందో చెప్పే ఎ-వెయిటింగ్ పట్టిక ప్రకారం 250 హెర్ట్జ్ దగ్గర −8.6 డెసిబెల్, 1,600 దగ్గర +1. సరిచేయకపోతే దాదాపు 10 డెసిబెల్ నాటకీయత ఉచితంగా వచ్చి చేరుతుంది. ప్రతి స్వరం బలాన్నీ ఆ పట్టిక ప్రకారం తగ్గించాం, 6 కిలోహెర్ట్జ్ పైన వడగట్టాం.

నెలకు 0.05 సెకను పెడితే మొత్తం 40 సెకన్లలో అయిపోతుంది, కానీ సెకనుకు 20 స్వరాల దగ్గర విడివిడి స్వరాలు కలిసిపోయి ఊగు వట్టి వణుకుగా మారుతుంది. 0.4 సెకను పెడితే 321 సెకన్లు. ప్రతి ఏడాదీ ఒక పాట పల్లవిలా తెలుస్తుంది, ఎక్కుడు మరుగున పడుతుంది. 0.15 దగ్గర రెండూ బతికాయి.

జీవం ఉండాలని స్వరాల బలాన్నీ సమయాన్నీ యాదృచ్ఛికంగా కొద్దిగా కదిలించడం మరో అలవాటు. దీన్ని పూర్తిగా మానేశాం. రెండు డెసిబెల్ కదలికను చెవి డేటాగానే లెక్కేసుకుంటుంది. పైగా అదే డేటా ఇస్తే ప్రతిసారీ అదే ధ్వని రావాలి.

మిడిగా (స్వరాలను నంబర్లుగా దాచే ఫైలు రూపంలో) ఎగుమతి చేసేటప్పుడు నోటు నంబర్లు స్వరస్థానాలకు గుండ్రపడతాయి, పైన చెప్పిన 3.33 పీపీఎం మెట్లు చెప్పకుండానే వచ్చేస్తాయి. స్వరాన్ని కొద్దిగా పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్‌కు 16,384 మెట్లున్నాయి కాబట్టి సూక్ష్మత చాలు, కానీ బెండ్ చానెల్ మొత్తానికి వర్తిస్తుంది. కొత్త స్వరం బెండ్ పాత స్వరం తోకను కూడా లాగేస్తుంది. స్వరాలను నాలుగు చానెళ్ళ మీద వరసగా తిప్పాలి, లేదా నేరుగా ఆడియో రెండర్ చేయాలి. మేం చేసింది రెండోదే, 48 కిలోహెర్ట్జ్ దగ్గర.

సరిచూసుకోవడం

మొదట ధ్వని నుంచి డేటాను తిరిగి రాబట్టాలి. స్వరాల ట్రాక్‌ను విడిగా రెండర్ చేసి, ప్రతి 150 మిల్లీసెకన్ల ముక్క పిచ్ కొలిచి, సూత్రాన్ని తిరగేసి పీపీఎంలోకి మార్చి, ఫైలుతో పోల్చాలి. ధ్వనిని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే మామూలు ఎఫ్ఎఫ్‌టీతో ఇది కుదరదు: 150 మిల్లీసెకన్ల ముక్కలో 6.67 హెర్ట్జ్‌కన్నా చిన్న తేడా తెలియదు. 244 హెర్ట్జ్ దగ్గర అది 47 సెంట్లు, అంటే 1.6 పీపీఎం. 1960ల ఏడాది పెరుగుదలకు రెట్టింపు తప్పు అందులోనే వచ్చేస్తుంది. ఆటోకోరిలేషన్ చేసి (ధ్వనిని కొద్దికొద్దిగా జరిపి దానితోనే పోల్చి) శిఖరం చుట్టూ ఇంటర్‌పొలేట్ చేయాలి (మధ్య విలువను అంచనా కట్టాలి).

యంత్రానికి తెలిసినదల్లా మనిషి చెవికి తెలియకపోవచ్చు. అందుకని అదే ధ్వనితో నాలుగు ఫైళ్ళు చేయాలి: అసలు డేటా, ఊగు తీసేసినది, ఎక్కుడు తీసేసినది, వేగంలో మార్పు తీసేసి 1959 నుంచి 2024 దాకా ఏడాదికి స్థిరంగా 1.67 పీపీఎం పెంచినది. డేటా ఎరగని వాళ్ళకు వరస మార్చి వినిపించి, ఏది దేనికన్నా ఎలా వేరుగా ఉందో వాళ్ళ మాటల్లో చెప్పమనాలి. మొదటి మూడింటినీ విడదీయడం తేలిక. నాలుగో ఫైలునూ అసలునూ విడదీయలేకపోతే ఆ డిజైన్ ఎంత ఇంపుగా ఉన్నా మూడో లక్ష్యంలో ఓడినట్టే. దశాబ్దపు విరామాలు వచ్చి చేరింది ఈ నాలుగో ఫైలు వల్లే. స్థిర వేగంలో ఆరు విరామాల్లోనూ ఒకటే అంతరం, శుద్ధ మధ్యమం, మోగుతుంది. అసలు డేటాలో అంతరం గాంధారం నుంచి పంచమం దాకా సాగుతుంది.

వినడానికి ముందు కొలబద్ద కూడా వినిపించాలి. గ్రాఫుకు అక్షం ఎలాగో ఇదీ అలాగే. "350" అని పలికి 440 హెర్ట్జ్, "390" అని పలికి 880 హెర్ట్జ్, ఒక్కోటి ఒక్క సెకను. తర్వాత "ఒక ఏడాది" అని చెప్పి ఏదైనా ఒక సంవత్సరపు 12 స్వరాలు. పది సెకన్లలో ముగిసే ఈ ముక్క లేకపోతే మిగతాదంతా వట్టి సంగీతం.

కొత్త నెలలు చేరినప్పుడు

ఫైలుకు ఏటా 12 స్వరాలు కలుస్తాయి, 1.8 సెకన్లు. చాలా సాధనాలు డేటా మారగానే కనిష్ఠం, గరిష్ఠం మళ్ళీ లెక్కేసి పిచ్ పరిధిలోకి మొత్తం తిరిగి సర్దుతాయి. ఆ ఆప్షన్‌ను మొదటే ఆపేయాలి. లేకపోతే 2025 చేరిన రూపంలో 1960 స్వరం కిందికి జారుతుంది, నిరుడు విన్నవాళ్ళ జ్ఞాపకం ఇకపై పనికిరాదు. లంగర్లు 220 దగ్గర 310, ప్రతి 40కి ఒక స్థాయి, అవి కదలవు. 2025 మే సగటు 430 దాటింది, స్వరం 1,760 హెర్ట్జ్ పైకి పోయింది. సూత్రం మార్చాల్సిన పని లేదు. మూడో హార్మోనిక్ 5,280 హెర్ట్జ్ దాటి 6 కిలోహెర్ట్జ్ వడకట్టు అంచుకు దగ్గరవుతోంది కాబట్టి, 437 పీపీఎం చేరేలోగా ఆ అంచును పైకి జరపాలి.